పోలికల నుంచి సాంబ మసూరి దాకా: జన్యువులపై విద్యార్థుల ప్రశ్నలు

జన్యుశాస్త్రం గురించి విద్యార్థులు అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఇంట్లో పుట్టినవే. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకరు చామనచాయ, ఒకరు తెలుపు ఎందుకయ్యారు? తాతగారికి ఉన్న షుగర్ మనవడికి వచ్చి తీరుతుందా? అమ్మది ఎ గ్రూపు, నాన్నది బి గ్రూపు అయితే బిడ్డది ఓ ఎలా అయింది? మేనరికం చేసుకుంటే పిల్లలకు జబ్బులు వస్తాయా? బడిలో చెప్పే బఠాణీ మొక్కల పాఠానికీ ఈ ప్రశ్నలకూ మధ్య చాలా దూరం ఉంది. అపోహలన్నీ పెరిగేది ఆ దూరంలోనే. ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా, వాటిలో ఎక్కువవాటి అడుగున ఒకే నమ్మకం ఉంటుంది: ఒక్కో లక్షణానికి ఒక్కో జన్యువు ఉంటుందని, అది ఉంటే ఆ లక్షణం కనబడి తీరుతుందని. కొన్నిచోట్ల ఇది అక్షరాలా నిజం. ఎక్కువచోట్ల నిజం కాదు. ఆ తేడా తెలియాలంటే ప్రతిచోటా ముందు అడగవలసింది ఒకటే. ఆ జన్యువు శరీరంలో ఏం తయారుచేస్తుంది?

డీఎన్ఏ, జన్యువు, క్రోమోజోము

ఈ మూడింటికీ తేడా ఏమిటన్నది తరగతిలో మొదట వచ్చే సందేహం. డీఎన్ఏ ఒక రసాయన పదార్థం. 1869లో ఫ్రీడ్రిష్ మీషర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఆసుపత్రి కట్లకు అంటిన చీము కణాల నుంచి దాన్ని తొలిసారి వేరుచేశారు. అది వంశపారంపర్య పదార్థమని నమ్మదగిన ఆధారం దొరకడానికి మరో 75 ఏళ్లు పట్టింది. 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెక్‌కార్టీ న్యుమోనియా బ్యాక్టీరియాతో చేసిన ప్రయోగాలు ఆ ఆధారాన్నిచ్చాయి. 1953లో వాట్సన్, క్రిక్ దాని జంట మెలికల నిర్మాణాన్ని వివరించారు. ఆ వివరణకు రోజాలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం కీలకమైంది. 1962లో నోబెల్ బహుమతి ఇచ్చేనాటికి ఆమె జీవించి లేరు. ఆమె పేరు లేకుండా డీఎన్ఏ పాఠం చెప్పడం అసంపూర్ణం.

మనిషి కణంలో ఈ పదార్థం 46 పొడవాటి పోగులుగా ఉంటుంది. ఒక్కో పోగు, దాన్ని చుట్టి ఉంచే ప్రోటీన్లతో సహా, ఒక క్రోమోజోము. వీటిలో 23 తల్లి నుంచి, 23 తండ్రి నుంచి వచ్చినవి. ఒక కణంలోని డీఎన్ఏ అంతటినీ వరసగా చాపితే సుమారు రెండు మీటర్లు వస్తుంది. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలు ఈ పోగు పొడవునా ఒక వరసలో ఉంటాయి. ఒక పక్క అడినిన్ ఉంటే ఎదుట థైమిన్, గ్వానిన్ ఉంటే ఎదుట సైటోసిన్. 23 క్రోమోజోముల ఒక్క సెట్టులో ఇలాంటి జతలు సుమారు 300 కోట్లు. ఈ వరసలో ఒక ప్రోటీన్‌నో, పనిచేసే ఒక ఆర్ఎన్ఏనో తయారుచేయడానికి కావలసిన సమాచారం ఉన్న భాగం జన్యువు. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 మాత్రమే. అవి నేరుగా ప్రోటీన్‌గా మారే భాగం మొత్తం డీఎన్ఏలో రెండు శాతానికి మించదు.

మిగతాదంతా వృథానా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అందులో ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయాలో అదుపుచేసే భాగాలున్నాయి. పూర్వం మన పూర్వీకుల కణాల్లో దూరి నిలిచిపోయిన వైరస్‌ల అవశేషాలు సుమారు 8 శాతం ఉన్నాయి. పదేపదే తిరగరాసుకున్న ముక్కలు దాదాపు సగం ఉన్నాయి. ఇదంతా చెత్త అన్న పాత మాట తప్పు. ప్రతి అక్షరానికీ ఏదో పని ఉండే ఉంటుందన్న కొత్త ఉత్సాహానికీ ఆధారం లేదు.

అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉన్నప్పుడు కంటి కణం, కాలేయ కణం ఒకేలా ఎందుకు లేవన్నది మంచి ప్రశ్న. ఏ కణంలోనూ అన్ని జన్యువులూ ఒకేసారి పనిచేయవు. కాలేయ కణంలో ఆల్బుమిన్ జన్యువు చురుగ్గా ఉంటుంది. కంటి కణంలో అదే జన్యువు ఉన్నా మూతపడి ఉంటుంది. ముదిరిన ఎర్ర రక్తకణాల్లో మాత్రం కేంద్రకమే ఉండదు. అందుకే రక్తం నుంచి డీఎన్ఏ తీశారంటే అది తెల్ల కణాల నుంచి తీసినదని అర్థం.

క్షారాల వరస ప్రోటీన్‌గా మారే పద్ధతిని ఛేదించిన వారిలో పంజాబ్‌లో పుట్టిన హరగోవింద్ ఖురానా ఒకరు. నైరెన్‌బర్గ్, హోలీలతో కలిసి ఆయనకు 1968లో నోబెల్ వచ్చింది. మూడేసి క్షారాలు ఒక సంకేతం. మొత్తం 64 సంకేతాల్లో 61 అమైనో ఆమ్లాలను సూచిస్తే, మిగిలిన మూడు అక్కడితో ఆపమని చెబుతాయి. ఈ సంకేతాలు బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా దాదాపు ఒకటే. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెడితే అది మనిషి ఇన్సులిన్‌నే తయారుచేయడానికి కారణం ఇదే. 1982 నుంచి మధుమేహ రోగులు వాడుతున్న హ్యూమన్ ఇన్సులిన్ అలా వచ్చిందే.

మెండెల్ లెక్కను కుటుంబానికి వర్తింపజేస్తే

మెండెల్‌కు ముందు చాలామంది తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్లూ కలిసినట్టు బిడ్డలో కలిసిపోతాయనుకునేవారు. 1865లో బ్రనో నగరంలో తన ఫలితాలను చదివిన గ్రెగార్ మెండెల్ చూపింది దీనికి భిన్నమైనది. గుండ్రటి గింజల బఠాణీ మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. వాటినే స్వపరాగ సంపర్కం చేయిస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. మధ్యరకం గింజలేవీ లేవు. ముడత లక్షణం ఒక తరం కనబడకుండా ఉండి, ఏ మార్పూ లేకుండా తిరిగి వచ్చింది.

ఒక తరం పాటు అది ఎందుకు కనబడలేదన్నదానికి రసాయనిక సమాధానం 1990లో దొరికింది. ముడతల గింజల్లో పిండిపదార్థాన్ని కొమ్మలుగా అల్లే ఒక ఎంజైమ్ జన్యువు మధ్యలో అదనపు డీఎన్ఏ ముక్క దూరి ఉంది. ఎంజైమ్ పనిచేయదు కాబట్టి చక్కెర మిగిలిపోతుంది, పచ్చి గింజ ఎక్కువ నీరు పీల్చుకుంటుంది, ఎండాక ముడతలు పడుతుంది. రెండు ప్రతుల్లో ఒక్కటి బాగున్నా చాలినంత ఎంజైమ్ తయారవుతుంది, గింజ గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి లక్షణం బహిర్గతం, ముడత అంతర్గతం కావడం వెనక ఉన్నది ఇంతే. ఒక జన్యువు మరొకదాన్ని అణచిపెట్టడం ఇక్కడ ఏమీ లేదు. బహిర్గత లక్షణమే జనంలో ఎక్కువగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. చేతికి ఆరో వేలు రావడం చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగా నడుస్తుంది, అయినా అది అరుదు. ఓ రక్తం గ్రూపు అంతర్గతం, అయినా మన దేశంలో అతి సాధారణమైన గ్రూపుల్లో అదొకటి.

మెండెల్ లెక్క విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ వేరే ఉంది. మూడుకు ఒకటి అన్న నిష్పత్తి వేల గింజలను లెక్కపెడితే వచ్చింది. కుటుంబంలో ఉండేది ఇద్దరో ముగ్గురో పిల్లలు. భార్యాభర్తలిద్దరూ తలసీమియా అనే రక్తపు జబ్బుకు వాహకులైతే, అంటే ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక ప్రతి మాత్రమే పాడై ఉంటే, బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నూటికి 25. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదని కొందరు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు. ప్రతి గర్భమూ మళ్లీ మొదటి నుంచే లెక్క. రెండోసారీ నూటికి 25, మూడోసారీ నూటికి 25. ఈ ఒక్క సంగతి బడిలో గట్టిగా నాటుకుంటే, పెద్దయ్యాక ఎంతోమంది రెండో బిడ్డకు ముందే పరీక్ష చేయించుకుంటారు. పరీక్షలో అర మార్కు ప్రశ్నగా మిగిలిపోవలసిన విషయం కాదిది.

అన్నదమ్ముల మధ్య తేడాకూ ఇదే మూలం. అండం గానీ శుక్రకణం గానీ తయారయ్యేటప్పుడు 23 జతల్లోంచి ఒక్కొక్కటే వెళుతుంది. ఏది వెళ్లాలన్నది ప్రతి జతలోనూ విడిగా తేలుతుంది. ఈ ఒక్క కారణం వల్లే ఒక మనిషి నుంచి 83,88,608 రకాల కలయికలు సాధ్యం. వెళ్లేముందు జతలోని రెండు క్రోమోజోములు ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి నిజానికి ఆ సంఖ్యకు అంతే లేదు. తోబుట్టువులు సగటున సగం పంచుకుంటారని చెబుతారు. తెలివైన విద్యార్థి ఇక్కడే అడ్డుపడతాడు: ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ అయినా 99.9 శాతం ఒకటే అన్నప్పుడు తోబుట్టువులకు సగమే ఎలా? ఈ రెండు లెక్కలూ వేరు. మొదటిది అక్షరం అక్షరం పోల్చి చూసినది. రెండోది, ఫలానా ముక్క ఇద్దరికీ అమ్మలోని ఒకే ప్రతి నుంచి, లేదా నాన్నలోని ఒకే ప్రతి నుంచి వచ్చిందా అన్నది. ఒకే అండం రెండుగా విడిపోయి పుట్టిన కవలలకు ఈ రెండో లెక్కలోనూ నూటికి నూరు వస్తుంది.

రక్తం గ్రూపులు, అనవసర అనుమానాలు

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వర్ణించిన రక్తం గ్రూపులు ఒక జన్యువు లెక్క సరిగ్గా నడిచే చోటు. ఆ జన్యువు ఎ రూపం ఎర్ర కణం మీద ఒక చక్కెరను అతికించే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది, బి రూపం మరో చక్కెరను అతికించే ఎంజైమ్‌ను. ఓ రూపం నుంచి వచ్చే ప్రోటీన్ ఏమీ అతికించలేదు. ఎ, బి రెండూ ఉంటే రెండు చక్కెరలూ చేరి ఎబి గ్రూపు అవుతుంది. ఎ గ్రూపు తల్లిలో రెండో ప్రతి ఓ కావచ్చు, బి గ్రూపు తండ్రిలోనూ అంతే. అలాంటి దంపతులకు ఎ, బి, ఎబి, ఓ నాలుగు గ్రూపుల పిల్లలూ పుట్టవచ్చు. బిడ్డది ఓ గ్రూపు అని తెలిసి ఇంట్లో గుసగుసలు మొదలవడానికి ఏ కారణమూ లేదు.

ఎబి తండ్రికి ఓ బిడ్డ పుట్టడం మాత్రం పాఠం ప్రకారం అసాధ్యం. ఇక్కడ కూడా తొందరపడి తీర్పు చెప్పకూడదని భారతదేశమే ప్రపంచానికి నేర్పింది. 1952లో వై.ఎం. భెండే, సహచరులు ముంబైలో ఒక వింత రక్తాన్ని గుర్తించారు. ఎ, బి చక్కెరలు అతకడానికి ముందు ఎర్ర కణం మీద హెచ్ అనే పునాది పదార్థం ఉండాలి. దాన్ని తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివారిలో ఎ, బి రూపాలు ఉన్నా అతికించడానికి చోటు ఉండదు. మామూలు పరీక్షలో వారు ఓ గ్రూపుగానే కనిపిస్తారు. దీన్ని బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వీరికి ఓ గ్రూపు రక్తం ఎక్కించినా ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ఓ రక్తంలో హెచ్ పదార్థం నిండుగా ఉంటుంది. బాంబే గ్రూపు వారికి బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి. ఒక జన్యువు ఫలితం మరో జన్యువు మీద ఆధారపడి ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఆడపిల్లా మగపిల్లాడా అన్నది ఎవరి నుంచి

1905లో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగు జాతి పెంకుపురుగుల్లో మగవాటికి ఒక చిన్న క్రోమోజోము ఉందని గమనించి, లింగనిర్ణయానికీ దానికీ సంబంధం ఉందని చూపారు. మనిషిలోనూ తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి శుక్రకణంలో ఎక్స్ గానీ వై గానీ ఉంటుంది. వై మీద ఉన్న ఎస్ఆర్‌వై అనే జన్యువు పిండంలో వృషణాలు ఏర్పడే దారిని తెరుస్తుందని 1990లో తేలింది. వరసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని నిందించడానికి జీవశాస్త్రంలో చోటే లేదు. తండ్రిని నిందించడానికీ లేదు, ఎందుకంటే ఏ శుక్రకణం అండాన్ని చేరుతుందో ఆయన చేతిలోనూ లేదు. 1994 నాటి చట్టం గర్భంలో లింగనిర్ధారణ చేయడాన్నీ, చెప్పడాన్నీ నేరంగా ప్రకటించింది. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ చట్టం గురించి కూడా చెప్పడం ఉపాధ్యాయుల బాధ్యత.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని వర్ణాంధత్వం మగవారిలోనే ఎందుకు ఎక్కువ అన్నదానికి జవాబు ఎక్స్ క్రోమోజోములో ఉంది. మగవారికి ఉన్నది ఒక్క ఎక్స్. దానిమీది జన్యువు పాడైతే ఆదుకోవడానికి రెండోది లేదు. తాతగారి వర్ణాంధత్వం కూతురిలో కనబడకుండా ఆమె కొడుకులో తేలడం అందుకే.

పాతబడిన ఉదాహరణలు

నాలుకను గొట్టంలా చుట్టగలగడం ఒక్క జన్యువు పని అని తరతరాలుగా పిల్లలు చదువుతున్నారు. 1940లో ఈ మాట చెప్పిన ఆల్ఫ్రెడ్ స్టర్టివాంట్ సామాన్యుడు కాదు, జన్యువుల తొలి పటాన్ని గీసిన శాస్త్రవేత్త. అయితే ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరు నాలుక చుట్టగలిగి మరొకరు చుట్టలేని జంటలున్నాయని 1952లో తేలింది. స్టర్టివాంట్ తరువాత తన మాటను తానే వెనక్కి తీసుకున్నారు. పుస్తకాలు మాత్రం తీసుకోలేదు. నాన్నకు నాలుక చుట్టడం రాదు, అమ్మకూ రాదు, తనకు వస్తుంది అని తెలిసిన పిల్లవాడి మనసులో కలిగే కలవరానికి ఆ పుస్తకాలే బాధ్యత వహించాలి.

తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉన్న ఉదాహరణ చెవి మీద గుబురుగా పెరిగే వెంట్రుకలది. జె.బి.ఎస్. హాల్డేన్ భారతదేశంలో స్థిరపడ్డాక ఆయన దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు, ఆంధ్రలోని ఒక కుటుంబ వంశవృక్షాన్ని పరిశీలించి, ఈ లక్షణం తండ్రి నుంచి కొడుకుకే వస్తుంది కాబట్టి వై క్రోమోజోము మీద ఉందని 1960లో ప్రకటించారు. అప్పటి సాధనాలతో అది సమంజసమైన ఊహే. ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2004లో దక్షిణ భారతంలో ఈ లక్షణం ఉన్న మగవారి వై క్రోమోజోములను అణుస్థాయిలో పరీక్షించినప్పుడు వాటికి ఉమ్మడి మూలం ఏదీ కనబడలేదు. లక్షణం మగవారికే పరిమితమైనంత మాత్రాన దాని జన్యువు వై మీదే ఉండనక్కర్లేదు. గడ్డం మగవారికే వస్తుంది, గడ్డానికి సంబంధించిన జన్యువులు ఆడవారిలోనూ ఉంటాయి. ఎన్నో ప్రవేశపరీక్షల పుస్తకాల్లో ఇప్పటికీ పాత జవాబే సరైన జవాబుగా అచ్చవుతోంది.

ఎత్తు, రంగు, షుగర్, రక్తపోటు వంటివి అసలు ఈ పద్ధతిలో నడిచేవే కావు. 2022లో 54 లక్షల మంది సమాచారంతో చేసిన అధ్యయనం ఎత్తుతో సంబంధం ఉన్న 12,111 తేడాలను డీఎన్ఏలో గుర్తించింది. ఒక్కో తేడా ప్రభావం అత్యల్పం. అవన్నీ అనుకూలంగా ఉన్నా బాల్యంలో తిండి చాలకపోతే బిడ్డ ఎదగడు. చర్మం రంగు కూడా అనేక జన్యువుల ఫలితమే. వాటిలో ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు దక్షిణాసియా వారి రంగులో చెప్పుకోదగినంత తేడా తెస్తుంది. ఆ మార్పు ఒక్కొక్క ప్రతిలోనే ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల్లో ఒకరికి రెండు ప్రతులు రావచ్చు, మరొకరికి ఒక్కటీ రాకపోవచ్చు. ఇలాంటి జన్యువులు కొన్ని కలిస్తే చాలు, ఒకే ఇంట్లో చామనచాయా తెలుపూ పక్కపక్కనే పెరుగుతాయి.

షుగర్ విషయంలో వంశం నుంచి వచ్చేది అవకాశమే. తల్లిదండ్రులకు రెండో రకం మధుమేహం ఉంటే పిల్లలకు ముప్పు ఎక్కువే. ఆ ముప్పు ఎంతవరకు జబ్బుగా మారుతుందన్నది బరువు, తిండి, శరీరశ్రమ మీద చాలావరకు ఆధారపడుతుంది. అందుకే ఒకే రూపు కవలల్లో కూడా ఒకరికి వచ్చి మరొకరికి రాని సందర్భాలున్నాయి.

ఒక్క అక్షరం, ఒక జబ్బు

ఎత్తుకు పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ సికిల్ సెల్ రక్తహీనత. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ రోగుల హిమోగ్లోబిన్ అణువే వేరని చూపింది. కొన్నేళ్లకు వెర్నాన్ ఇంగ్రమ్ ఆ తేడా ఎక్కడుందో పట్టుకున్నారు: బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. డీఎన్ఏలో ఒక్క క్షారం మారడం దీనికి కారణం. ఆ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలాక పోగులుగా అతుక్కుంటుంది, ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని నొప్పి, అవయవాలకు హాని, రక్తహీనత అన్నీ దాని పర్యవసానాలే.

ఇంత హాని చేసే జన్యువు ఇన్ని తరాలు ఎలా నిలిచిందని విద్యార్థులు అడుగుతారు. ఒక్క ప్రతి ఉన్న వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చూపారు. మలేరియా బలంగా ఉన్న ప్రాంతాల్లో వాహకులు ఎక్కువగా బతికారు, వారితోపాటు ఆ జన్యువూ నిలిచింది. మధ్యభారతం నుంచి తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల దాకా గిరిజనుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వాహకుడికి జబ్బు ఉండదని, పెళ్లి చేసుకునే ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటేనే బిడ్డకు ముప్పని ఊరి భాషలో చెప్పకపోతే, పరీక్ష చేసి చేతికిచ్చే కార్డు పెళ్లి సంబంధాలకు అడ్డయ్యే ముద్రగా మారుతుంది.

మేనరికం

తెలుగునాట ఈ ప్రశ్నను తప్పించుకోవడం కుదరదు. మేనబావ మేనమరదళ్ల పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ మేనకోడళ్ల పెళ్లిలో ఎనిమిదింట ఒకటి. ప్రతి మనిషీ కొన్ని హానికరమైన అంతర్గత జన్యువులకు తెలియకుండానే వాహకుడు. బయటి సంబంధంలో అవతలివారికీ సరిగ్గా అదే జన్యువు ఉండే అవకాశం తక్కువ, దగ్గరి సంబంధంలో ఎక్కువ. సాధారణంగా నూటికి రెండు మూడు కాన్పుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఉంటే, మేనరికపు పెళ్లిళ్లలో అది సుమారు రెట్టింపవుతుంది. అంటే అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. తమ పెద్దలంతా మేనరికమే చేసుకున్నారని, ఏమీ కాలేదని చెప్పేవారి అనుభవం అబద్ధం కాదు. ముప్పు పెరగడమూ అబద్ధం కాదు. వంశంలో ఇప్పటికే ఒక జబ్బు బయటపడి ఉంటే ఆ ముప్పు సగటు లెక్కకు చాలా మించుతుంది, అప్పుడు జన్యు సలహా తీసుకోకుండా ముహూర్తం పెట్టడం బిడ్డకు చేసే అన్యాయం.

దగ్గరి చుట్టాలను చేసుకోకపోయినా, తరతరాలుగా కులంలోపలే చేసుకుంటే కొంతవరకు ఇదే ఫలితం వస్తుంది. వైశ్యుల్లో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావారికన్నా ఎక్కువగా ఉండడం దీనికి ఉదాహరణ. కొద్దిమంది పూర్వీకుల నుంచి ఆ సముదాయం విస్తరించిందని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ లోపం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. శస్త్రచికిత్సకు ముందు సక్సినిల్ కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే, నిమిషాల్లో తగ్గాల్సిన దాని ప్రభావం గంటలకొద్దీ ఉండిపోయి శ్వాస ఆగే ప్రమాదం ఉంది. మత్తు డాక్టరుకు ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందని ముందే చెబితే వేరే మందు వాడతారు. ఇలాంటి పూర్వీకుల జాడలు దేశంలోని ఎన్నో సముదాయాల్లో ఉన్నాయి. ఇందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి లోపమూ లేదు.

డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టడం

99.9 శాతం ఒకటే అయితే నేరస్తుణ్ని ఎలా పట్టుకుంటారన్నది కుర్రకారుకు ఇష్టమైన ప్రశ్న. మిగిలిన 0.1 శాతం కూడా లక్షల అక్షరాలు. పైగా కొన్నిచోట్ల చిన్న చిన్న ముక్కలు వరసగా ఎన్నిసార్లు తిరిగి వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ దీన్ని గుర్తింపు సాధనంగా మలిచారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన కేంద్రంలో లాల్జీ సింగ్ సొంత పద్ధతిని రూపొందించారు. ఆయన వాడిన డీఎన్ఏ శోధకానికి మూలం కట్లపాము జాతి పాము మీద చేసిన పరిశోధన. 1980ల చివరి నుంచి పితృత్వ వివాదాల్లో, హత్య కేసుల్లో మన కోర్టులు ఈ సాక్ష్యాన్ని వింటున్నాయి. ఈ పరీక్ష ఒకే రూపు కవలల్లో ఎవరన్నది చెప్పలేదు. నమూనాను సేకరించినవారి చేతుల్లో అది కలుషితమైతే ఫలితానికి విలువ ఉండదు.

డీఎన్ఏ మారడం, మార్చడం

మార్పు అంటే జబ్బే అనుకోవడం సహజం. ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు కొన్ని పదులు ఉంటాయి. తండ్రి వయసు పెరిగేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుందని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాల అధ్యయనం చూపింది. వాటిలో అత్యధికం ఏ ప్రభావమూ చూపవు. ఎండ వల్ల చర్మకణంలో, పొగ వల్ల ఊపిరితిత్తుల కణంలో వచ్చిన మార్పు ఆ మనిషికి క్యాన్సర్ తేవచ్చు గానీ పిల్లలకు అందదు. అండాల్లో, శుక్రకణాల్లో వచ్చిన మార్పే తరువాతి తరానికి వెళుతుంది. తిన్న తిండిలోని డీఎన్ఏ మన జన్యువుల్లో కలుస్తుందన్న భయమూ తరచు వినబడుతుంది. అన్నంలో, పప్పులో, చేపలో, ప్రతి ముద్దలోనూ డీఎన్ఏ ఉంది. మనిషి ఎప్పటినుంచో దాన్ని తిని అరిగించుకుంటూనే ఉన్నాడు.

పంటల విషయంలో మూడు వేరువేరు పద్ధతులను ఒకే గాటన కట్టడం వల్ల గందరగోళం పుడుతోంది. తెలుగు రైతుకు బాగా తెలిసిన పైరుతోనే దీన్ని విడదీయవచ్చు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, రుచికి పేరుమోసినా ఎండాకు తెగులుకు లొంగిపోయేది. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇతర వరి రకాల నుంచి సంకరం ద్వారానే తెచ్చాయి. ఏ మొక్కలో మూడూ చేరాయో డీఎన్ఏ పరీక్షతో ఎంచుకున్నాయి. 2008లో వచ్చిన ఈ మెరుగైన సాంబ మసూరిలో వరిది కాని జన్యువేదీ లేదు. అదే సాంబ మసూరిలో, గింజల సంఖ్యను అదుపుచేసే ఒక జన్యువును, డీఎన్ఏను కోరుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో సవరించి తయారైన కమల అనే రకాన్ని 2025లో ప్రకటించారు. ఇది ఉన్న జన్యువును దిద్దడం. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి మూడో పద్ధతిది. అందులో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలోకి తెచ్చారు. కాయతొలుచు పురుగు తిన్నప్పుడు ఆ జన్యువు చేసిన ప్రోటీన్ దాని పేగును దెబ్బతీస్తుంది. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. పురుగుల్లోనూ జన్యువుల తేడాలుంటాయి, తట్టుకున్నవే బతికి పిల్లల్ని పెడతాయి. బీటీ పత్తి చుట్టూ మామూలు పత్తి వేయమని చెప్పింది అందుకే. చాలాచోట్ల ఆ నియమం అమలు కాలేదు.

మనిషి జన్యువులను దిద్దడం ఇప్పుడు ఆసుపత్రి దాకా వచ్చింది. 2012లో క్రిస్పర్‌ను సాధనంగా మలిచిన షార్పాంటియె, డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. 2023 నవంబరులో బ్రిటన్ సికిల్ సెల్‌కు క్రిస్పర్ చికిత్సను అనుమతించింది. ఇందులో రోగి మూలకణాలను బయటికి తీసి, పుట్టాక ఆగిపోయే పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా సవరించి, తిరిగి ఎక్కిస్తారు. ఈ సవరణ ఆ రోగి రక్తానికే పరిమితం, పిల్లలకు వెళ్లదు. చికిత్స ఖరీదు మాత్రం మన ఏజెన్సీ గూడెంలోని రోగికి ఊహకందనిది. పిండంలోనే జన్యువును సవరిస్తే అది తరతరాలకూ వెళుతుంది. 2018లో చైనాలో హే జియాన్‌కుయి అలా సవరించిన కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించినప్పుడు ప్రపంచ శాస్త్రలోకం ఖండించింది, 2019లో అక్కడి కోర్టు ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. డీఎన్ఏ కోరుకున్న చోట కాక వేరే చోట తెగితే సరిదిద్దే దారి లేకపోవడం ఆ ఖండనకు ఒక కారణం. ఆ పిల్లల్ని గానీ, వారికి పుట్టబోయే పిల్లల్ని గానీ అడిగే వీలు లేకపోవడం మరో కారణం. తెలివైన బిడ్డ, పొడవైన బిడ్డ కావాలని జన్యువులు దిద్దించుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఎత్తు లెక్కలోనే ఉంది. వేల చోట్ల ఉన్న అత్యల్ప ప్రభావాలను దిద్దే పద్ధతి ఏ ప్రయోగశాలలోనూ లేదు.